పబ్‌మెడ్‌లో ఫీల్డ్ ట్యాగులతో వెతకడం ఎలా

వైద్య పరిశోధన పేపర్ల డేటాబేస్ పబ్‌మెడ్. దాని సెర్చ్ బాక్సులో రెండు మూడు మాటలు కొట్టి ఎంటర్ నొక్కితే ఎప్పుడూ ఏదో ఒకటి వస్తుంది. చిక్కంతా అక్కడే. ఖాళీ పేజీ వస్తే ఎక్కడో పొరపాటు జరిగిందని తెలుస్తుంది. వందల ఫలితాలు వస్తే మాత్రం, కావలసిన పేపర్లు వాటిలో లేకపోయినా, సరిగ్గానే వెతికామనిపిస్తుంది. అప్పటికప్పుడు ఒక సందేహం తీర్చుకోవడానికి ఆ పద్ధతి చాలు. థీసిస్‌కో, ఒక ప్రశ్న మీద వచ్చిన పేపర్లన్నిటినీ పద్ధతిగా ఏరి చూసే సిస్టమాటిక్ రివ్యూకో వెతుకుతున్నప్పుడు చాలదు. ఏ మాటను పేపరు రికార్డులో ఏ ఫీల్డులో, అంటే ఏ గడిలో, చూడాలో మీరే చెప్పాలి. అలా చెప్పడానికి మాట పక్కన పెట్టే పొట్టి కోడే ఫీల్డ్ ట్యాగు.

మొదలుపెట్టే ముందు రెండు సంగతులు. పబ్‌మెడ్ పేపరు మొత్తాన్ని వెతకదు. శీర్షిక, అబ్‌స్ట్రాక్ట్, రచయితలు, జర్నల్ పేరు, విషయ పదాలు ఉండే చిన్న రికార్డును మాత్రమే వెతుకుతుంది. పూర్తి పాఠంలో వెతకాలంటే పబ్‌మెడ్ సెంట్రల్‌కు వెళ్ళాలి, అది వేరే డేటాబేస్. రెండోది, ఇక్కడ ట్యాగులనూ సెర్చ్ మాటలనూ తెలుగు లిపిలో ఇస్తున్నాం. ట్యాగును అక్షరం అక్షరం పలికినట్టు చదువుకోండి: [టిఐఏబి] అంటే టి, ఐ, ఏ, బి. బాక్సులో కొట్టేటప్పుడు మాత్రం అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే. ట్యాగు చుట్టూ చదరపు బ్రాకెట్లు తప్పనిసరి. ట్యాగును పెద్ద అక్షరాల్లో కొట్టినా చిన్న అక్షరాల్లో కొట్టినా తేడా లేదు, దానికి ముందు ఖాళీ వదిలినా ఫరవాలేదు.

1. ముందు ఒక రికార్డును విప్పి చూడండి

ట్యాగుల జాబితా బట్టీ పట్టకండి. మీ విషయం మీద మీకు బాగా తెలిసిన పేపరు ఒకటి పబ్‌మెడ్‌లో తెరిచి, డిస్‌ప్లే ఆప్షన్స్‌లో ఫార్మాట్‌ను అబ్‌స్ట్రాక్ట్ నుంచి పబ్‌మెడ్‌కు మార్చండి. చక్కగా సర్దిన పేజీ పోయి, ఎడమ అంచున పొట్టి కోడ్‌లతో వరుసలు వస్తాయి. టిఐ ఎదురుగా శీర్షిక, ఏబి ఎదురుగా అబ్‌స్ట్రాక్ట్, ఏయు ఎదురుగా రచయిత, ఏడి ఎదురుగా ఆయన పనిచేసే చోటు, టిఏ ఎదురుగా జర్నల్ పేరు, డిపి ఎదురుగా ప్రచురణ తేదీ, పిటి ఎదురుగా అది ఏ రకం పేపరో, ఓటి ఎదురుగా రచయిత ఇచ్చిన కీవర్డులు. ఎంహెచ్ అని మొదలయ్యే వరుసలు పది పదిహేను దాకా ఉండొచ్చు. అవి మెష్ పదాలు, అంటే నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వాళ్ళు తయారుచేసుకున్న విషయ పదకోశంలోవి.

ఆ వరుసలన్నిటినీ ఒకే చెయ్యి నింపలేదు. శీర్షిక, అబ్‌స్ట్రాక్ట్, కీవర్డులు, చిరునామాలు ప్రచురణకర్త పంపినవి, రచయిత ఎలా రాస్తే అలాగే ఉంటాయి. మెష్ పదాలు తర్వాత చేరతాయి. వాటిని ఒకప్పుడు ఇండెక్సర్లు పేపరు చదివి పెట్టేవారు, ఆ పనే ఇండెక్సింగ్. 2022 ఏప్రిల్ నుంచి మెడ్‌లైన్‌లో, అంటే పబ్‌మెడ్‌లో మెష్ పదాలు చేరే ప్రధాన భాగంలో, ఆ పని ప్రోగ్రామే చేస్తోంది, కొన్నింటిని మనుషులు సరిచూస్తారు. మీరు వాడే ప్రతి ట్యాగు గురించీ వేసుకోవలసిన ప్రశ్న ఇదే: ఈ ఫీల్డు ఎవరు నింపారు, ఎప్పుడు నింపారు? సెర్చ్ తప్పిపోయే చోట్లు చాలావరకు ఈ ప్రశ్నతోనే దొరుకుతాయి.

రికార్డు మొదట్లో ఎస్‌టిఏటి అనే వరుస కూడా చూడండి. అక్కడ మెడ్‌లైన్ అని ఉంటే మెష్ పదాలు చేరినట్టు. పబ్లిషర్ అనో ఇన్-ప్రాసెస్ అనో ఉంటే ఇంకా చేరలేదు. పబ్‌మెడ్-నాట్-మెడ్‌లైన్ అని ఉంటే ఆ రికార్డుకు మామూలుగా మెష్ పదాలు రావు. అలాంటి పేపరు మెష్ ట్యాగుతో ఎంత వెతికినా దొరకదు.

2. ట్యాగు లేకపోతే అది ఏం చేస్తుందో చూడండి

ట్యాగు లేని మాటను పబ్‌మెడ్ తనకు తోచినట్టు అనువదించుకుంటుంది. ముందు మెష్ పదాల పట్టికలో చూస్తుంది, తర్వాత జర్నల్ పేర్లలో, తర్వాత రచయితల పేర్లలో. ఎక్కడా పోలిక దొరక్కపోతే మాటలను విడగొట్టి మధ్యలో ఆండ్ (అన్నీ ఉండాలి అని) పెట్టి అన్ని ఫీల్డుల్లోనూ వెతుకుతుంది.

ఈ వ్యాసం పొడుగునా ఒకే ప్రశ్న తీసుకుందాం: డయాబెటిస్ ఉన్నవాళ్ళ పాదాల పుండ్లకు తేనెతో కట్టు కడితే మానుతాయా? ట్యాగుల్లేకుండా డయాబెటిక్ ఫుట్ హనీ అని కొట్టండి. తర్వాత అడ్వాన్స్‌డ్ సెర్చ్ పేజీ తెరిచి, కింద హిస్టరీ పట్టికలో డీటెయిల్స్ కాలమ్‌లోని బాణం గుర్తు నొక్కండి. మీరు కొట్టిన మూడు మాటలు పెద్ద పేరాగ్రాఫ్ అయి కనిపిస్తాయి. డయాబెటిక్ ఫుట్ అనేది మెష్ పదంగా గుర్తించింది, మంచిదే. దాని పక్కనే డయాబెటిక్, ఫుట్ అనే మాటలను విడివిడిగా ఆల్ ఫీల్డ్స్‌లో కూడా వెతికింది.

ఆల్ ఫీల్డ్స్‌లో చిరునామా కూడా ఉంటుంది. డయాబెటిక్ ఎలుకల మీద పని చేసిన వ్యక్తి ఫుట్ అండ్ యాంకిల్ సర్జరీ డిపార్ట్‌మెంట్‌లో ఉంటే ఆ పేపరు కూడా మీ ఫలితాల్లోకి వస్తుంది. క్యాన్సర్ అని కొడితే క్యాన్సర్ సంస్థల్లో పనిచేసేవాళ్ళు రాసిన, క్యాన్సర్‌తో సంబంధం లేని పేపర్లు రావడం కూడా ఇందుకే. జర్నల్ పేర్లతో ఇంకో తిరకాసు ఉంది. జీన్ థెరపీ అనేది ఒక జర్నల్ పేరు, ఒక మెష్ పదానికి పర్యాయం కూడా. ట్యాగు లేకుండా కొడితే విషయం కిందే లెక్కవుతుంది. జర్నల్ కావాలంటే "జీన్ థెరపీ"[టిఏ] అని చెప్పాల్సిందే.

ట్యాగు పెట్టగానే ఈ అనువాదం ఆగిపోతుంది. అది లాభమే గానీ దాంతోపాటు ఒక పని మీ నెత్తిన పడుతుంది. పర్యాయపదాలూ, బ్రిటిష్ స్పెల్లింగులూ, బహువచనాలూ ఇక మీరే తెచ్చుకోవాలి.

3. ప్రశ్నను ముక్కలు చేయండి, తక్కువ ముక్కలు

మన ప్రశ్నలో వెతకదగ్గ ముక్కలు రెండే: తేనె, డయాబెటిక్ పాదపు పుండు. మానడం అనే ఫలితాన్ని మూడో ముక్కగా చేర్చాలనిపిస్తుంది. చేర్చకండి. ఫలితాన్ని అబ్‌స్ట్రాక్టులో ఒకరు హీలింగ్ అంటారు, ఇంకొకరు క్లోజర్ అంటారు, మరొకరు పుండు సైజు తగ్గింది అని మాత్రమే రాస్తారు. ఆండ్‌తో కలిపే ప్రతి ముక్కా కొన్ని మంచి పేపర్లను బయటికి నెడుతుంది. రెండు ముక్కలతో నాలుగు వేలు వస్తే అప్పుడు మూడోదాని గురించి ఆలోచించండి. రెండు వందలే వస్తే కూర్చుని చదివేయడమే మేలు.

4. ప్రతి ముక్కకూ మెష్ పదం వెతకండి

పబ్‌మెడ్ మొదటి పేజీ నుంచి మెష్ డేటాబేస్‌కు వెళ్ళి ఫుట్ అల్సర్ అని కొట్టండి. వచ్చిన పేజీలో మూడు చోట్ల కళ్ళు పెట్టండి.

ఒకటి, కింద ఉండే చెట్టు. లెగ్ అల్సర్ కింద ఫుట్ అల్సర్, దాని కింద డయాబెటిక్ ఫుట్ కనిపిస్తాయి. మెష్ పదం వాడితే పబ్‌మెడ్ దాని కింది కొమ్మలన్నిటినీ కలిపే వెతుకుతుంది. అంటే "ఫుట్ అల్సర్"[ఎంహెచ్] అంటే డయాబెటిక్ ఫుట్ కూడా వచ్చేస్తుంది. కింది కొమ్మలు వద్దనుకుంటే [ఎంహెచ్:నోఎక్స్‌ప్] అని రాయాలి. ఈ చివరి ముక్క ఎన్, ఓ, ఇ, ఎక్స్, పి అనే ఐదక్షరాలు. దాని అవసరం అరుదు. చెట్టు చూడకుండా వాడితే సగం పేపర్లు పోతాయి.

రెండు, ఎంట్రీ టర్మ్స్. ఆ పదానికి పర్యాయాలుగా నమోదైన మాటలవి. తర్వాతి అడుగులో మీకు కావలసిన మాటలు సగం ఇక్కడే దొరుకుతాయి, కాపీ చేసి పెట్టుకోండి.

మూడు, ఆ పదం ఏ సంవత్సరంలో చేరింది. మెష్‌ను ఏటా సవరిస్తారు. కోవిడ్-19 అనేది మెష్ పదంగా 2021 పదకోశంలో వచ్చింది, అంతకుముందు 2020లో దాన్ని సప్లిమెంటరీ కాన్సెప్ట్‌గా, అంటే మెష్ చెట్టు బయట అనుబంధ పదంగా, నడిపారు. మీ విషయానికి పదం ఈమధ్యే వచ్చి ఉంటే, పాత పేపర్లు అప్పట్లో ఏ పదం కింద ఉండేవో కూడా చూసుకుని ఆ పదాన్నీ చేర్చాలి.

ఎంహెచ్ వరుసల్లో కొన్నింటికి నక్షత్రం గుర్తు ఉంటుంది. ఆ పేపరుకు అది ముఖ్య విషయం అని అర్థం. [ఎంహెచ్] బదులు [ఎంఏజేఆర్] వాడితే నక్షత్రం ఉన్నవే వస్తాయి. సాయంత్రానికల్లా నాలుగు మంచి రివ్యూలు చదివి తీరాలంటే అది చక్కటి ట్యాగు. సిస్టమాటిక్ రివ్యూకు మాత్రం వాడకండి, ఏది ముఖ్యం అనే తీర్పు మీది కాదు, ఇండెక్సింగ్‌ది. మెష్ పదం పక్కన గీత పెట్టి ఉపశీర్షిక కూడా తగిలించొచ్చు: "డయాబెటిక్ ఫుట్/డ్రగ్ థెరపీ"[ఎంహెచ్]. ఇదీ అంతే, తొందర పనికి మంచిది, జల్లెడ పట్టే పనికి కాదు. తేనె కట్టును ఒకచోట డ్రగ్ థెరపీ కింద, ఇంకోచోట మామూలు థెరపీ కింద వేసి ఉంటారు.

5. అదే ముక్కను రచయితల మాటల్లో రాయండి

మెష్ చేరని కొత్త పేపర్ల కోసం, ఎప్పటికీ చేరని వాటి కోసం శీర్షిక, అబ్‌స్ట్రాక్టుల్లో వెతకాలి. దానికి [టిఐఏబి]. రచయిత ఇచ్చిన కీవర్డులు కూడా ఈ ట్యాగు కిందికే వస్తాయి, వాటికి వేరే ట్యాగు అక్కర్లేదు. [టిఐ] శీర్షికను మాత్రమే చూస్తుంది. [టిడబ్ల్యూ] ఇంకా వెడల్పు, శీర్షిక, అబ్‌స్ట్రాక్టులతో పాటు మెష్ పదాల్లోని మాటలనూ పదార్థాల పేర్లనూ కూడా చూస్తుంది. మెష్‌ను విడిగా రాస్తున్నప్పుడు [టిఐఏబి] చాలు.

పాదపు పుండు ముక్క ఇలా తయారవుతుంది (ఆర్ అంటే వీటిలో ఏది ఉన్నా సరే అని):

"ఫుట్ అల్సర్"[ఎంహెచ్] ఆర్ "డయాబెటిక్ ఫుట్"[టిఐఏబి] ఆర్ "డయాబెటిక్ ఫీట్"[టిఐఏబి] ఆర్ "ఫుట్ అల్సర్*"[టిఐఏబి] ఆర్ "డయాబెటిక్ అల్సర్*"[టిఐఏబి] ఆర్ "డయాబెటిక్ ఊండ్*"[టిఐఏబి]

ప్రతి మాటకూ దాని ట్యాగు దానికే ఉండాలి. (హనీ ఆర్ మనూకా)[టిఐఏబి] అని బ్రాకెట్టు బయట ఒకే ట్యాగు పెడితే లోపలి మాటలకు అది అందదు. వేరే డేటాబేసుల్లో ఇలా రాయడం అలవాటైనవాళ్ళు మొదట పడే గొయ్యి ఇదే.

చివర నక్షత్రం పెడితే ఆ మొదలుతో వచ్చే మాటలన్నీ వస్తాయి. అల్సర్* అంటే అల్సర్స్, అల్సరేషన్, అల్సరేటివ్ కూడా. నక్షత్రానికి ముందు కనీసం నాలుగు అక్షరాలుండాలి. మాట మధ్యలో నక్షత్రం పెట్టడానికి లేదు, ఒక్క అక్షరానికి బదులుగా వాడే గుర్తూ లేదు. అందుకే స్పెల్లింగు తేడాలుండే ఈడిమా, ట్యూమర్, పీడియాట్రిక్ లాంటి మాటలను అమెరికన్ పద్ధతిలో ఒకసారి, బ్రిటిష్ పద్ధతిలో ఒకసారి విడివిడిగా రాయాలి.

ఇప్పుడు తేనె. చూడ్డానికి సులువు, హనీ* అని కొడితే పోతుందనిపిస్తుంది. కొట్టి చూడండి. హనీకోంబ్ వస్తుంది, ఊపిరితిత్తుల స్కాన్‌లో కనిపించే తేనెతుట్టె ఆకారం గురించిన పేపర్లన్నీ దాంతో వస్తాయి. హనీబీ వస్తుంది, తేనెటీగల జీవశాస్త్రం మొత్తం. అన్నిటికంటే తమాషా హనీమూన్. టైప్ 1 డయాబెటిస్ బయటపడి ఇన్సులిన్ మొదలుపెట్టాక కొన్నాళ్ళు క్లోమం కాస్త కోలుకుని ఇన్సులిన్ అవసరం తగ్గుతుంది, ఆ దశకు హనీమూన్ ఫేజ్ అని పేరు. రెండో ముక్కలో డయాబెటిస్ అనే మాట వదులుగా పెట్టుకున్నవాళ్ళకు ఇవన్నీ తేనె కట్టు పేపర్లతో కలిసి వచ్చేస్తాయి. నక్షత్రం పెట్టే ముందు ఆ మొదలుతో ఇంకేం మాటలున్నాయో ఒక్క నిమిషం ఆలోచించాలి. ఇక్కడ నక్షత్రం అక్కర్లేదు, ఉన్న మాటలే రాస్తే సరిపోతుంది:

"హనీ"[ఎంహెచ్] ఆర్ హనీ[టిఐఏబి] ఆర్ హనీస్[టిఐఏబి] ఆర్ మనూకా[టిఐఏబి]

మనూకా ఒక రకం తేనె. కొన్ని అబ్‌స్ట్రాక్టుల్లో బ్రాండు పేరుతోనో ఈ రకం పేరుతోనో సరిపెడతారు, హనీ అన్న మాట వాడకపోవచ్చు.

కొటేషన్ గుర్తుల గురించి ఒక హెచ్చరిక. పబ్‌మెడ్ పదబంధాలను అక్షరాలా ప్రతి రికార్డులో వెతకదు, ముందే తయారుచేసుకున్న పదబంధాల ఇండెక్సులో చూస్తుంది. మీ పదబంధం అందులో లేకపోతే, అది ఎన్ని అబ్‌స్ట్రాక్టుల్లో ఉన్నా, కొటేషన్ మార్కులను పక్కన పెట్టి మాటలను విడివిడిగా వెతుకుతుంది. ఫలితాల పైన పదబంధం దొరకలేదని చిన్న సందేశం వస్తుంది. చాలామంది దాన్ని చూడకుండానే కిందికి వెళ్ళిపోతారు.

దానికి మందు 2022 నవంబరులో వచ్చిన ప్రాక్సిమిటీ సెర్చ్. "ఫుట్ అల్సర్"[టిఐఏబి:~3] అని రాస్తే ఆ రెండు మాటల మధ్య మూడు మాటల దాకా ఉన్నా, వరుస తిరగబడినా దొరుకుతాయి. ఇంగ్లిష్‌లో "అల్సర్ ఆఫ్ ద డయాబెటిక్ ఫుట్" అని రాసిన పేపరు మామూలు పదబంధంతో దొరకదు, దీంతో దొరుకుతుంది. లెక్కపెట్టండి: అల్సర్‌కూ ఫుట్‌కూ మధ్య సరిగ్గా మూడు మాటలు. సున్నా పెడితే మాటలు పక్కపక్కనే ఉండాలి, ఇండెక్సులో లేని పదబంధాలకు ఇదే దారి. ఇది టైటిల్, టైటిల్/అబ్‌స్ట్రాక్ట్, అఫిలియేషన్ ఫీల్డుల్లోనే పనిచేస్తుంది. ఇందులో నక్షత్రం పనిచేయదు కాబట్టి అల్సర్స్ అనే బహువచనానికి ఇంకో వరుస రాయాలి.

ఓవిడ్ అనే ఇంకో సెర్చ్ వేదికలో రాసిన సెర్చ్‌ను ఇక్కడికి మార్చుకునేవాళ్ళకు ఒక చిన్న లెక్క. ఓవిడ్‌లో ఏడిజె3 అంటే మధ్యలో రెండు మాటల వరకే. అది పబ్‌మెడ్‌లో ~2 అవుతుంది, ~3 కాదు. ప్రతిసారీ ఒకటి తగ్గించుకోవాలి.

6. కలపండి

ఒక్కో ముక్కనూ విడిగా నడపండి. అడ్వాన్స్‌డ్ పేజీ హిస్టరీలో ఒక్కోదానికి ఒక నంబరు వస్తుంది. తర్వాత #1 ఆండ్ #2 అంటే చాలు. అంతా ఒకే పొడుగు వరుసలో మొదటి నుంచీ కొట్టుకుంటూ పోతే తప్పు ఎక్కడుందో వెతుక్కోవడానికి పూట గడిచిపోతుంది.

ఆండ్, ఆర్, నాట్ (ఇది ఉన్నవి వద్దు అని) మూడూ పెద్ద అక్షరాల్లో కొట్టండి. పబ్‌మెడ్ వాటిని ఎడమ నుంచి కుడికి వరుసగా చేస్తుంది, గణితంలోలా ఏదీ ముందు కాదు. హనీ ఆండ్ ఫుట్ ఆర్ అల్సర్ అని రాస్తే మొదటి రెండూ కలిపాక, ప్రపంచంలో అల్సర్ మాట ఉన్న రికార్డులన్నీ వచ్చి చేరతాయి, కడుపులో పుండ్లతో సహా. ఆర్‌తో కలిపినవాటి చుట్టూ బ్రాకెట్లు వేస్తే ఈ గొడవ ఉండదు.

7. తగ్గించాల్సి వస్తే

ఎడమ పక్కన కనిపించే ఫిల్టర్లను నొక్కడం సులువు. వాటిలో చాలావరకు ఇండెక్సింగ్ మీద ఆధారపడినవే. హ్యూమన్స్ నొక్కిన మరుక్షణం, మెష్ చేరని కొత్త పేపర్లన్నీ పోతాయి. పోయినట్టు ఎక్కడా చెప్పదు. పైగా ఒకసారి పెట్టిన ఫిల్టరు మీరు తీసేదాకా తర్వాతి సెర్చ్‌లకు కూడా అంటుకునే ఉంటుంది. అంకె అకస్మాత్తుగా పడిపోయిందంటే ముందు అదే చూడండి.

జంతువుల మీది ప్రయోగాలు వద్దనుకున్నప్పుడు నాట్ యానిమల్స్[ఎంహెచ్] అని రాస్తే ఏమవుతుంది? మెష్ చెట్టులో హ్యూమన్స్ అనేది యానిమల్స్ కొమ్మ కిందే ఉంది. కింది కొమ్మలు వాటంతటవే కలుస్తాయని పైన చెప్పుకున్నాం కదా. కాబట్టి మనుషుల మీద చేసిన, ఇండెక్స్ అయిన పేపర్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. సరైన రూపం ఇది:

నాట్ (యానిమల్స్[ఎంహెచ్] నాట్ హ్యూమన్స్[ఎంహెచ్])

దీనివల్ల జంతువుల గుర్తు మాత్రమే ఉన్నవి పోతాయి. రెండూ ఉన్నవి, ఏదీ లేని కొత్తవి మిగులుతాయి. కాక్రేన్ అనే సంస్థ చేసే సిస్టమాటిక్ రివ్యూల్లో ట్రయల్స్ వెతికే ఫిల్టరు చివర కూడా ఇదే ఉంటుంది. నాట్ వాడాల్సిన చోటు దాదాపు ఇదొక్కటే, మిగతా చోట్ల మంచి పేపర్లకు అడ్డం పడుతుంది.

రాండమైజ్డ్ ట్రయల్స్ (రోగులను చీటీ తీసినట్టు గుంపులుగా విడగొట్టి చేసే ప్రయోగాలు) మాత్రమే కావాలంటే "రాండమైజ్డ్ కంట్రోల్డ్ ట్రయల్"[పిటి] ఒక్కటే రాసి ఊరుకోకండి, అదీ ఇండెక్సింగ్ తర్వాతే పక్కాగా ఉంటుంది. ఆర్ పెట్టి రాండమ్*[టిఐఏబి], ప్లసీబో[టిఐఏబి], ట్రయల్[టిఐఏబి] చేర్చండి. కట్టు కట్టే చికిత్సల్లో ప్లసీబో (ఉత్తుత్తి మందు) అరుదే గానీ ఉంచినందువల్ల నష్టం లేదు. సిస్టమాటిక్ రివ్యూలకు "సిస్టమాటిక్ రివ్యూ"[పిటి] ఉంది, 2019 నుంచి. భాషకు [ఎల్ఏ]. ఇంగ్లిష్ కాని పేపర్లకు కూడా శీర్షిక ఇంగ్లిష్‌లోకి అనువదించి చదరపు బ్రాకెట్లలో ఇస్తారు, కాబట్టి ఇంగ్లిష్ మాటలతోనే అవీ దొరుకుతాయి.

తేదీల్లో జాగ్రత్త. 2015:2024[డిపి] అని రాస్తే ఆ మధ్య ప్రచురించినవి. చివర తెరిచి ఉంచాలంటే 2015:3000[డిపి]. ఈ ఫీల్డు ఆన్‌లైన్ తేదీనీ అచ్చు తేదీనీ రెండింటినీ చూస్తుంది, అందుకే ఒకే పేపరు పక్కపక్క సంవత్సరాల్లో రెండిట్లోనూ కనిపించొచ్చు. ఆరు నెలల కిందట చేసిన సెర్చ్‌ను కొత్త పేపర్ల కోసం మళ్ళీ నడిపేటప్పుడు [డిపి] వాడకండి, రికార్డు పుట్టిన తేదీ [సిఆర్‌డిటి] వాడండి. పాత సంచికలు ఆలస్యంగా డేటాబేసులో చేరుతుంటాయి, వాటి ప్రచురణ తేదీ మీ పాత సెర్చ్ కంటే ముందుది అయినా రికార్డు కొత్తది. [ఇడిఏటి] అనే ఇంకో తేదీ దీనిలాగే కనిపిస్తుంది గానీ, ప్రచురణ అయిన ఏడాది దాటాక చేరిన రికార్డులకు అందులో ప్రచురణ తేదీనే వేస్తారు. కాబట్టి అది ఈ పనికి పనికిరాదు.

రచయితలకు [ఏయు]: ఇంటిపేరు, ఖాళీ, పొడి అక్షరాలు, చుక్కలూ కామాలూ లేకుండా. కుమార్ ఎస్[ఏయు] అంటే కుమార్ ఎస్‌కె, కుమార్ ఎస్‌ఆర్ కూడా వస్తారు. "కుమార్ ఎస్"[ఏయు] అని కొటేషన్‌లో పెడితే ఆ ఒక్క రూపమే. పూర్తి పేర్లు 2002 నుంచే ఉన్నాయి. మొదటి రచయితకు [1ఏయు]. సంస్థ కోసం [ఏడి] వాడేటప్పుడు 2014కు ముందు రికార్డుల్లో మామూలుగా మొదటి రచయిత చిరునామా మాత్రమే ఉంటుందని గుర్తుంచుకోండి. ఒక సంస్థ ప్రచురణలను ఏళ్ళవారీగా లెక్కగట్టి 2014లో ఒక్కసారిగా ఎగబాకిందని గ్రాఫు గీస్తే, అందులో చాలా భాగం ఫీల్డు మారినందువల్లే.

8. తెలిసిన పేపర్లతో పరీక్షించండి

ఎక్కువమంది వదిలేసే అడుగు ఇదే, ఎక్కువ ఫలితం ఇచ్చేదీ ఇదే. మీ ప్రశ్నకు కచ్చితంగా చెందిన ఐదారు పేపర్లు వేరే దారిలో సంపాదించండి, పాత రివ్యూ చివర ఉన్న జాబితా నుంచైనా సరే. వాటి పిఎంఐడి నంబర్లు (పబ్‌మెడ్ ప్రతి రికార్డుకూ ఇచ్చే గుర్తింపు సంఖ్యలు) ఒక్కోదానికి [పిఎంఐడి] తగిలించి ఆర్‌తో కలిపి నడపండి. హిస్టరీలో అది #5 అనుకోండి, మీ పూర్తి సెర్చ్ #4. ఇప్పుడు #5 నాట్ #4 నడపండి. ఏమీ రాకపోతే మంచిది. ఏదైనా వస్తే అది మీ వలలోంచి జారిపోయిన చేప.

ఆ రికార్డును మొదటి అడుగులోలా పబ్‌మెడ్ ఫార్మాట్‌లో తెరవండి. అబ్‌స్ట్రాక్ట్ లేదా? అయితే శీర్షికలో ఉన్న మాట మీ జాబితాలో లేదన్నమాట. మెష్ వరుసలు లేవా? అయితే [టిఐఏబి] మాటల్లో లోటు. అన్నీ ఉన్నా రాలేదంటే రచయిత పుండును అల్సర్ అనకుండా లీజన్ అనో, డయాబెటిక్ ఫుట్ బదులు ప్లాంటార్ (అరికాలి) అనో రాసి ఉంటారు. ఆ మాట చేర్చి మళ్ళీ నడపండి, కొత్తగా ఎన్ని వచ్చాయో చూడండి. పది చేరి అందులో ఒకటి పనికొస్తే ఉంచండి. రెండు వేలు చేరితే ఆ మాటను ప్రాక్సిమిటీతో కట్టేయండి.

9. దాచుకోండి

హిస్టరీ ఎనిమిది గంటలు ముట్టుకోకపోతే పోతుంది, వంద సెర్చ్‌ల వరకే నిలుస్తుంది. పని ముగించే ముందు మొత్తం సెర్చ్ వరుసలనూ, ప్రతిదానికి వచ్చిన అంకెనూ, తేదీనీ ఒక ఫైలులో పెట్టుకోండి. అడ్వాన్స్‌డ్ పేజీలోనే హిస్టరీని డౌన్‌లోడ్ చేసుకునే వీలుంది. ఫలితాలను సైటేషన్ మేనేజర్‌కు (రిఫరెన్సులు దాచుకునే సాఫ్ట్‌వేర్‌కు) పంపేటప్పుడు ఒక్కసారికి 10,000 పరిమితి. అంతకు మించితే తేదీలవారీగా ముక్కలు చేసి దించుకోవాలి.

పబ్‌మెడ్ వాడేవాళ్ళకు ఇచ్చే మై ఎన్‌సిబిఐ ఖాతా ఉంటే సెర్చ్‌ను అక్కడ దాచి రోజూ, వారానికో, నెలకో ఈమెయిల్ వచ్చేలా పెట్టొచ్చు. ఆ అలర్టుకు మెష్ ఒక్కదానితో రాసిన సెర్చ్ ఇవ్వకండి. కొత్త పేపరు చేరిన రోజున దానికి మెష్ పదాలు ఉండకపోవచ్చు, అవి పడేదాకా మీకు మెయిల్ రాదు. [టిఐఏబి] మాటలు పక్కనుంటే అది చేరిన వెంటనే తెలుస్తుంది.